మేల్కొని ఉండే ఇల్లు

వార్ధక్యంలో జ్ఞాపకశక్తి కొంత సన్నగిల్లడం సహజం. తాళంచెవి ఎక్కడ పెట్టినదీ మరచిపోవడం ఆ కోవకు చెందుతుంది. తాళంచెవి దేనికి ఉపయోగిస్తారో మరచిపోవడం మాత్రం వ్యాధి లక్షణం. జ్ఞాపకంతో పాటు ఆలోచన, భాష, దిక్కుల గుర్తింపు క్రమంగా క్షీణించే ఈ స్థితిని వైద్యశాస్త్రం డిమెన్షియా అంటుంది. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ ఆల్జైమర్ వివరించిన వ్యాధి దీనికి ముఖ్య కారణం. 2023లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం భారతదేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది, ఈ స్థితిలో ఉన్నారు. తెలుగు ఇళ్లలో ఇప్పటికీ దీనిని 'చాదస్తం' అనో, 'వయసు మీదపడింది' అనో తేల్చివేస్తారు. రోగానికి సరైన పేరు లేనిచోట, రోగిని కనిపెట్టుకొని ఉండేవారి శ్రమకు గుర్తింపు ఎట్లా లభిస్తుంది?

ఆ శ్రమ రాత్రివేళ రెట్టింపవుతుంది. పొద్దు వాలేసరికి చాలామంది రోగులలో అలజడి మొదలవుతుంది. అర్ధరాత్రి లేచి, ఉన్న ఇంట్లోనే ఉండి 'మా ఇంటికి వెళ్లాలి' అని తలుపు తీస్తారు. తోడున్నవారు నెలల తరబడి కోడినిద్ర పోవలసి వస్తుంది.

ఇటువంటి ఇళ్లకు అక్కరకు వచ్చేవే స్మార్ట్ హోమ్ పరికరాలు. మంచం పక్కన పరచిన పట్టా మీద అడుగు పడగానే పక్కగదిలో గంట మోగుతుంది. కదలికను పసిగట్టి స్నానాలగది దాకా దీపాలు వెలుగుతాయి. వీధితలుపు తెరచుకుంటే సెల్‌ఫోనుకు సందేశం వస్తుంది. పొయ్యి వెలిగించి మరచిపోతే గ్యాసు దానంతట అదే ఆగిపోతుంది. 'ఈరోజు ఏ వారం?' అని ఇరవైసార్లు అడిగినా మాట్లాడే యంత్రం విసుగుకోకుండా సమాధానం చెబుతుంది. మనుషులకు అంత ఓర్పు సాధ్యం కాదని ఒప్పుకోవడంలో తప్పులేదు. అయితే ఈ పరికరాల విలువను, అవి రోగిని ఎంత గట్టిగా కాపలా కాశాయన్నదానితో గాక, సేవ చేసేవారికి ఎన్ని గంటల నిద్ర మిగిల్చాయన్నదానితో కొలవాలి. ఈ భేదం ఎంత ముఖ్యమైనదో జపాన్ దేశపు ఒక వ్యాజ్యం స్పష్టం చేస్తుంది.

2007 డిసెంబరులో ఆ దేశంలోని ఓబు పట్టణంలో 91 ఏళ్ల వృద్ధుడొకరు ఇంటి నుంచి ఒంటరిగా బయటికి వెళ్లి, రైలు పట్టాల మీదికి చేరి, రైలు ఢీకొని మరణించారు. ఆయనకు తోడుగా ఉన్న భార్య వయసు 85 ఏళ్లు. ఆమెకు కూడా ఒకరి సాయం అవసరమే. ఆ రోజు కూర్చున్నచోటనే ఆమెకు కొద్దిసేపు కునుకు పట్టింది. మామగారి సేవకోసం కోడలు వేరే ఊరి నుంచి వచ్చి సమీపంలోనే నివసిస్తున్నది. కుమారుడు దూరప్రాంతంలో ఉంటున్నాడు. రైళ్ల రాకపోకలకు కలిగిన నష్టాన్ని చెల్లించాలని రైల్వే సంస్థ ఆ కుటుంబం మీద దావా వేసింది. భార్య, కుమారుడు సుమారు 72 లక్షల యెన్లు చెల్లించాలని 2013లో జిల్లా న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2014లో పై న్యాయస్థానం ఆ మొత్తాన్ని సగానికి తగ్గించినా, భారాన్ని భార్య మీదనే ఉంచింది. వృద్ధుడు బయటికి వెళ్లిన ద్వారం దగ్గర, మనిషి రాకను పసిగట్టి మోగే గంట ఒకటి ఉన్నది. ఆనాడు దానిని ఆపివేసి ఉంచారు. ఈ సంగతి కూడా ఆమె నిర్లక్ష్యానికి నిదర్శనమైంది. 2016 మార్చి 1న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. భార్య అయినంత మాత్రాన, పెద్దకొడుకు అయినంత మాత్రాన చట్టరీత్యా బాధ్యులు కారని ప్రకటించింది.

సాయంగా ఉండవలసిన గంట సాక్ష్యంగా మారడం ఇక్కడ గమనించదగినది. పరికరం లేని ఇంట్లో జరిగితే అది ప్రమాదం. ఉన్న ఇంట్లో జరిగితే అది నేరమన్నమాట! సుప్రీంకోర్టు వరకు వెళ్లడానికి ఆ కుటుంబానికి ఎనిమిదేళ్లకు పైగా పట్టింది. బంధువుల న్యాయస్థానంలో అట్లాంటి పై కోర్టు ఉండదు.

తెలుగు కుటుంబాలకు ఈ ముచ్చట దూరమైనది కాదు. అమెరికాలో ఉద్యోగం చేసే కొడుకు తల్లి గదిలో కెమెరా పెట్టించి, అక్కడి నుంచి ఫోనులో చూస్తూ, 'అమ్మ లేచింది, ఎవరూ రాలేదేమి?' అని ఇక్కడి వదినను ప్రశ్నించే రోజులివి. చూడడం సేవ కాదు. భారతంలోని ధర్మవ్యాధుడు తల్లిదండ్రులను దైవాలుగా కొలిచాడని అందరూ చెప్పుకొంటారు. కానీ తాను భార్యాపుత్రులతో కూడి ఆ సేవ చేస్తున్నానని అతడే కౌశికునితో చెప్పిన సంగతి ఎవరికీ అంతగా పట్టదు.

కెమెరా కంటే తలుపు గంట, పడకపక్క పట్టా మేలైనవి. అవి కబురు చెబుతాయే గాని బొమ్మ చూపవు. రోగి మానమర్యాదలు నిలుస్తాయి. వ్యాధి ముదరకముందే, అడిగితే చెప్పగల స్థితిలో ఉండగానే, ఏది పెట్టవచ్చునో ఆ మనిషినే అడగడం న్యాయం. కరెంటు పోయినా పనిచేసే ఏర్పాటు ఉండాలని వేరుగా చెప్పనక్కరలేదు.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసినది గంట ఎవరి దగ్గర మోగాలన్నది. హైదరాబాదులో రాత్రి రెండు గంటలైనప్పుడు న్యూయార్కులో ఇంకా పగలే. ఇక్కడి రాత్రి కాపలాను అక్కడి కొడుకు తన పగటివేళ తీసుకోవచ్చు. పడకపక్క పట్టా సందేశం మొదట అతని ఫోనుకే చేరాలి. తల్లి స్నానాలగదికి వెళ్లి తిరిగి పడుకున్నదీ లేనిదీ పరికరాలు పంపే కబుర్లను బట్టి అతడే కనిపెట్టాలి. ఆమె వీధితలుపు దాకా వచ్చినప్పుడు మాత్రమే ఇంట్లోవారిని లేపాలి. మిగిలిన రాత్రులలో ఆ వదిన నిద్రపోతుంది.