చాపకింద నీరు

దేశంలో 10.1 కోట్లమంది మధుమేహగ్రస్తులున్నారని, మరో 13.6 కోట్లమంది ఆ వ్యాధి వాకిట నిలిచారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో నిగ్గుతేల్చింది. గోవా వయోజనుల్లోనైతే ఏకంగా 26.4 శాతం దాని పాలబడ్డవారే! చక్కెర జబ్బు ఏళ్లతరబడి నొప్పి పెట్టదు. అందుకే రెక్కాడితేగాని డొక్కాడని మనిషి, మాత్రలు అయిపోగానే మిన్నకుంటాడు. చూపు మసకబారాకో, కాలిపుండు మానకపోతేనో ఆస్పత్రి మెట్లెక్కుతాడు. అప్పటికే మూత్రపిండాలూ దెబ్బతిని ఉండవచ్చు. మెట్‌ఫార్మిన్ వంటి చవక మందు క్రమం తప్పకుండా అంది, ఏటా కళ్లు, పాదాలు, మూత్రం పరీక్షిస్తే ఈ అనర్థాల్లో చాలావాటిని నివారించవచ్చు. రక్తపోటు, మధుమేహ రోగులు 7.5 కోట్లమందిని 2025 నాటికి ప్రామాణిక చికిత్స పరిధిలోకి తేవాలని కేంద్రం 2023లో లక్షించింది. రోగుల పేర్లు రిజిస్టర్లకెక్కించడం తేలికే. వారిలో ఎందరికి చక్కెర అదుపులో ఉందన్నదే సర్కారీ సేవలకు గీటురాయి కావాలి. గడచిన రెండు మూడు నెలల సగటును పట్టిచ్చే హెచ్‌బీఏ1సీ పరీక్షకు పేదవాడు ప్రైవేటు ల్యాబుకు సొమ్ము ధారపోయాల్సివస్తే ఉచిత వైద్యానికి అర్థమేముంది? పదిరోజుల మాత్రలు చేతిలోపెట్టి మళ్లీ రమ్మంటే, దినకూలీ ఎన్నిసార్లని పని మానుకోగలడు?