తుపాకీ ఇరుక్కుంటే తప్పు రైతుదేనా?



మొన్న పంట నష్టం గురించి అర్జీ ఇవ్వడానికి వెళ్తే ఒక అధికారి మాకు చెప్పిన జవాబు ఇది: "లైసెన్సులు ఇచ్చాం, తుపాకులు ఉన్నాయి. వాటిని సరిగా చూసుకోలేకపోతే మేమేం చేస్తాం?" ఆ మాటకు జవాబు అక్కడే చెప్పాల్సింది. నోరు రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మాది నల్లమల అంచున ఉన్న ఊరు. మా నాయన కాలంలో గొట్టంలో మందు కూరి పేల్చే తుపాకీ ఉండేది. నా చేతికి వచ్చింది 12 బోరు పంపు తుపాకీ, అదీ పాతదే. 2024 మార్చిలో ఎన్నికల షెడ్యూలు రాగానే తెచ్చి అప్పగించమన్నారు, అప్పగించాను. ఫలితాలు జూన్ 4న వచ్చాయి. అది నా చేతికి వచ్చేసరికి విత్తనాలు వేసే పని మొదలైంది. సెప్టెంబరులో మొక్కజొన్న పాలు పోసుకునే వేళకు పందుల మంద దిగింది. మంచె మీద నుంచి గాలిలోకి ఒకసారి పేల్చాను. రెండోసారికి పంపు వెనక్కి వచ్చింది గానీ తూటా పైకి లేవలేదు, సగంలో ఇరుక్కుంది. చీకట్లో, లోడైన తుపాకీని ఒళ్లో పెట్టుకుని, కింద కంకులు విరుగుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను. తెల్లారేసరికి అరెకరం నేలమట్టం.

అది నా అజాగ్రత్త వల్ల జరిగిందా? ఆ తుపాకీ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ మాట ఎవరూ అనరు.

పంపు తుపాకీలో తూటాలు గొట్టం కింద ఇంకో గొట్టంలో వరసగా ఉంటాయి. ముందు వైపున్న ఒక స్ప్రింగు వాటిని వెనక్కి తోస్తుంది. ముందు పిడిని వెనక్కి లాగితే ఖాళీ తూటా బయట పడుతుంది, కొత్తది లిఫ్టరు మీదికి వస్తుంది. పిడిని ముందుకు తోస్తే అది లేచి గదిలోకి వెళ్తుంది. తూటా గొట్టంలోంచి రాకపోతే స్ప్రింగు నీరసపడిందో, లోపల తుప్పు పట్టిందో, గొట్టానికి సొట్ట పడిందో చూడాలి. ఒకేసారి రెండు జారితే తూటాను ఆపే పట్టీ అరిగింది. పైకి లేవకపోతే లిఫ్టరు కింద మడ్డి పేరుకుంది, లేదా అది వంగింది. ఖాళీ తూటా గదిలోనే ఉండిపోతే లాగే కొక్కెం అరిగింది, లేదా గదిలో తుప్పు ఉంది. కొన్నిసార్లు తప్పు మన చేతిదే. కంగారులో పిడిని పూర్తిగా వెనక్కి లాగకుండా సగంలోనే ముందుకు తోస్తాం. ఈ ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి.

తూటాల సంగతి కూడా చెప్పాలి. చెమ్మ తగిలి ఉబ్బినవి, అంచు నలిగినవి పక్కన పెట్టండి. 12 బోరులో 65 మిల్లీమీటర్ల తూటా ఉంది, 70 మిల్లీమీటర్లదీ ఉంది. గది పొట్టిగా ఉన్న పాత తుపాకీలో పొడవు తూటా కూడా పట్టినట్టే ఉంటుంది. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి గొట్టం మీద చెక్కిన కొలత చూడకుండా తూటాలు కొనొద్దు. ఇరుక్కున్న తూటాను కత్తితో పొడవొద్దు. మూతి మనుషులు లేని వైపు ఉంచి, వేలు ట్రిగ్గరు మీద లేకుండా చూసుకుని, ముందు తుపాకీని ఖాళీ చేయండి.

నా తుపాకీలో దొరికింది తుప్పు. అప్పగించేటప్పుడు శుభ్రంగా ఉంది. తీసుకునేటప్పుడు చెమ్మ గదిలో గోడకు ఆనించిన గుట్టలో ఉంది. నాకిచ్చిన రసీదులో నంబరు ఉంది గానీ తుపాకీ ఏ స్థితిలో ఉందో ఒక్క ముక్క లేదు. లైసెన్సు ఉన్న ప్రతివాడి తుపాకీ లాక్కోమని ఎన్నికల సంఘం చెప్పలేదు. ఎవరివి తీసుకోవాలో పరిశీలించి తేల్చడానికి జిల్లాలో స్క్రీనింగు కమిటీ ఉండాలంది. మా దగ్గర పరిశీలన ఎవరు చేశారు?

సరే, బాగు చేయించుకుందామంటే ఎక్కడ? 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం తుపాకీ మరమ్మతుకూ లైసెన్సు ఉండాలి. ఊళ్లో కమ్మరి ముట్టుకుంటే వాడూ నేరస్తుడే, ఇచ్చిన నేనూ నేరస్తుణ్ణే. లైసెన్సున్న దుకాణం జిల్లా దాటి ఉంది. పోను ఒక రోజు, రాను ఒక రోజు, పాత మోడలుకు స్ప్రింగు దొరక్క మళ్లీ ఇంకో రోజు. ఆ మూడు రాత్రులు చేనుకు కావలి ఎవరు?

అదే చట్టం 13వ సెక్షను పంట రక్షణ కోసం తుపాకీ లైసెన్సు ఇవ్వాలంటుంది. మందు కూరే తుపాకీ చాలదనుకుంటే వేరేది ఇవ్వొచ్చని కూడా అక్కడే ఉంది. పంటను కాపాడుకునే అవసరం చట్టం ఒప్పుకున్నదే. అయితే లైసెన్సు అంటే పందిని చంపే అనుమతి కాదు. దానికి 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షను కింద అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. కేరళ 2022లో ఆ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా తెచ్చింది. మనం మాత్రం అర్జీ పట్టుకుని తిరుగుతూనే ఉన్నాం.

ఇలా తుపాకీ పనిచేయక, అనుమతి రాక విసిగిన రైతు చివరికి ఏం చేస్తున్నాడు? చేను చుట్టూ తీగ కట్టి కరెంటు పెడుతున్నాడు. ఆ తీగకు పంది ఏదో, మనిషి ఎవరో తెలియదు. నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్క చేను రైతు పోతున్నాడు, కట్టినవాడు జైలుకు పోతున్నాడు. మన సంఘం సభ్యులకు ఖచ్చితంగా చెబుతున్నా: ఎంత కడుపు మండినా ఆ తీగ కట్టొద్దు. ఆ తీగ దాకా మనల్ని నెట్టినవాళ్లను మాత్రం వదలొద్దు.

అందుకే మన డిమాండ్లు:

1. పోలీసు ఆయుధాగారాల్లో తుపాకులు బాగు చేసే ఆర్మరర్లు ఉన్నారు. ఖరీఫ్‌కు ముందొకసారి, రబీకి ముందొకసారి ప్రతి డివిజన్ కేంద్రంలో వాళ్లతో పంట రక్షణ తుపాకుల తనిఖీ, మరమ్మతు శిబిరం పెట్టాలి.

2. స్క్రీనింగు కమిటీ పరిశీలన లేకుండా పంట రక్షణ తుపాకులు తీసుకోకూడదు. తీసుకుంటే స్థితి రాసిన రసీదు ఇవ్వాలి, పొడి గదిలో ఉంచాలి, ఎన్నికలు ముగిసిన వారంలో తిరిగివ్వాలి. పాడైతే ఖర్చు వాళ్లదే.

3. పందుల మీద అనుమతి అర్జీకి గడువులోగా రాతపూర్వక జవాబు ఇవ్వాలి.

4. అడవి అంచు ఊళ్లకు సోలారు కంచె సబ్సిడీ మీద ఇవ్వాలి.

లైసెన్సున్న ప్రతి సభ్యుడూ తన తుపాకీ పరిస్థితి, ఎన్నికలప్పుడు ఎన్నాళ్లు స్టేషనులో ఉంది, ఏ స్థితిలో వచ్చింది అన్నది కాగితం మీద రాసి ఈ నెల మండల కమిటీ సమావేశానికి తీసుకురండి. ఆ కాగితాల కట్ట పట్టుకుని మళ్లీ అదే అధికారి దగ్గరికి వెళ్దాం. ఈసారి జవాబు ఆయన చెప్పాలి.