డేవ్ బార్తలోమ్యూ: అప్పటికప్పుడు పుట్టిన సంగీతమనే భ్రమ

రిథమ్ అండ్ బ్లూస్ గురించిన రచనల్లో ఒక అభిప్రాయం ఎంతగా పాతుకుపోయిందంటే, దానికి ఆధారం అడిగేవారే కనబడరు. నల్లజాతి అమెరికన్ల జనప్రియ సంగీతానికి బిల్‌బోర్డ్ పత్రిక 1949లో ఆ పేరు స్థిరపరచినది మొదలు, అది శిక్షణ ఎరుగని ఉద్వేగంలోంచి పొంగుకొచ్చిందని, రాత, లెక్క, కూర్పు దానికి పరాయివని చెబుతూ వస్తున్నారు. మెచ్చుకోలుగా వినిపించే ఈ మాట ఆ సంగీతకారుల విద్యను కాదనడమే. న్యూ ఆర్లీన్స్ రచయిత, నిర్మాత డేవ్ బార్తలోమ్యూ (1918-2019) కృషిని పట్టించుకున్నవారికి ఆ మాట నోట రాదు.

లూసియానాలోని ఎడ్గార్డ్‌లో పుట్టిన బార్తలోమ్యూ, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు పాఠం చెప్పిన పీటర్ డేవిస్ దగ్గరే ట్రంపెట్ నేర్చి, మిసిసిపీ నదిపై తిరిగే విహార నౌకల్లో ఫేట్ మారబుల్ బృందంతో వాయించి, రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనిక బ్యాండులో చేరి, ఏ వాద్యం ఏ స్వరాన్ని ఎప్పుడు పలకాలో కాగితం మీద పెట్టే అరేంజ్‌మెంట్ విద్యను అక్కడ ఒంటబట్టించుకున్నాడు. యుద్ధం ముగిశాక ఆయన కట్టిన బ్యాండు క్రమశిక్షణకు పేరుపడింది.

1949 నాటి ‘కంట్రీ బాయ్’లో ఆయన చేసిన పనిని దగ్గరగా చూడాలి. క్యూబా నాట్య లయ అయిన రుంబా రికార్డులో బేస్ వాద్యం పలికిన మంద్ర స్వరాల వరుసను పట్టుకుని, డ్రమ్స్, బేస్ తమ స్వింగ్ నడకలోనే సాగుతుండగా, దానిని శాక్సఫోన్లకు రాసిచ్చాడు. రెండు నడకలు ఒకదానిపై ఒకటి పడి కొత్త ఊపు పుట్టింది. తర్వాతి ఏళ్లలో అలాంటి వరుసనే స్ట్రింగ్ బేస్, ఎలక్ట్రిక్ గిటారు, బారిటోన్ శాక్సఫోన్ మూడింటిచేతా ఏకస్వరంగా వాయింపజేసి బరువు పెంచుతూ పోయాడు. వినేవారి కాలిని కదిలించే ఆ దరువు వెనుక ఇంత లెక్క ఉంది.

ఎదుటి పక్షంవారు ‘ది ఫ్యాట్ మ్యాన్’ను ముందుకు తెస్తారు. 1949 డిసెంబరులో బార్తలోమ్యూ నిర్మాణంలో పియానో వాయిస్తూ ఫ్యాట్స్ డామినో పాడిన ఆ పాట బాణీకి మూలం ఛాంపియన్ జాక్ డుప్రీ ‘జంకర్ బ్లూస్’. అందులోని డ్రమ్స్ దెబ్బ ఎర్ల్ పామర్ సొంతం. రెండూ నిజమే, ఏ నిర్మాతా ఒంటరిగా పాట చేయడు. అయితే మత్తుమందుల గురించిన ఆ డుప్రీ పాటను డామినో, బార్తలోమ్యూ కలిసి ఊరంతా పాడుకోగల ఆత్మవర్ణనగా మార్చడంలో ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చిన ఆలోచన ఉంది. పైగా కాసిమో మటాసా నడిపిన జె అండ్ ఎం స్టూడియో ఒక దుకాణం వెనుక గది. అక్కడ ఆ రోజుల్లో ధ్వనిని నేరుగా డిస్కు మీదే చెక్కేవారు కాబట్టి, ఒకరు తప్పితే అందరూ మొదటినుంచి వాయించవలసిందే. అలాంటి గదిలో అప్పటికి తోచినదానిని నమ్ముకునేవారెవరు?

పాట విజయమంతా గొంతుదేనన్న వాదనా నిలవదు. బార్తలోమ్యూ, డామినో కలిసి రాయగా డామినో పాడిన ‘ఎయింట్ దట్ ఎ షేమ్’ను 1955లోనే శ్వేతజాతి గాయకుడు పాట్ బూన్ పాడి పాప్ జాబితాలో మొదటి స్థానానికి చేర్చాడు, ఆనాటి రేడియోలోని జాతివివక్ష అందుకు తోడ్పడిందన్నది వేరే అన్యాయం. 1975లో జాన్ లెనన్ కూడా దాన్ని పాడాడు. బార్తలోమ్యూ రాయగా స్మైలీ లూయిస్ పాడిన ‘ఐ హియర్ యు నాకింగ్’ 1970లో డేవ్ ఎడ్మండ్స్ గొంతులో బ్రిటన్‌లో అగ్రస్థానం పొందింది. ఇన్ని గొంతులు మారినా చెక్కుచెదరనిది ఏమిటో ఆ వాదులు చెప్పాలి. పాటను సంగీత దర్శకుడి పేరుతోనూ గుర్తుపెట్టుకునే తెలుగు సినిమా శ్రోతకు, పాట కూర్చినవాడిని ఇలా మరవడం వింతగానే తోస్తుంది. 1991లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సైతం, ట్రంపెట్ వాయించి స్వయంగా పాడి రికార్డులిచ్చిన మనిషిని, ప్రదర్శకులు కానివారి వరుసలో చేర్చుకుంది!

1963లో డామినో, బార్తలోమ్యూ తన పాటలు నిర్మించిన ఇంపీరియల్ కంపెనీని వదిలి ఏబీసీ-పారమౌంట్‌కు మారి, నాష్‌విల్‌లో వేరే నిర్మాతతో, వెనుక బృందగాన హంగులతో పాడాడు. అదే గొంతు, అదే పియానో. కానీ మునుపటి విజయాలు తిరిగి రాలేదు. మరుసటి ఏడు బీటిల్స్ అమెరికాలో అడుగుపెట్టడం వల్ల అమ్మకాలు పడిపోయాయనవచ్చు, నిజం కొంత ఉండవచ్చు కూడా. నాష్‌విల్ రికార్డుల్లో శాక్సఫోన్లు, గిటారు, బేస్ కలిసి మోసిన ఆ మంద్ర వరుస ఎందుకు వినబడదో మాత్రం బీటిల్స్ వివరించలేరు.