సపోర్ట్ టెక్నీషియన్ ఇంటర్వ్యూలో ప్రశ్నలు ఎవరు అడగాలి?

మన ఆఫీసుల్లో కంప్యూటర్ సపోర్టుకి మనిషిని తీసుకునేటప్పుడు జరిగే ఇంటర్వ్యూ ఎప్పుడైనా చూశారా? చాలాచోట్ల తంతు ఒకటే. "డీహెచ్‌సీపీ ఫుల్ ఫామ్ చెప్పు." చెప్తాడు. "ఓఎస్ఐ మోడల్‌లో ఎన్ని లేయర్లు?" ఏడు. "వరసగా చెప్పు." ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్తాడు. "ర్యామ్‌కీ రోమ్‌కీ తేడా?" అదీ చెప్తాడు. చెప్పకేం చేస్తాడు! అమీర్‌పేటలో హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ కోర్సు చేసిన కుర్రాళ్ళ చేతిలో ఈ ప్రశ్నల జిరాక్సు కట్ట ఉంటుంది కదా. అడిగేవాళ్ళ దగ్గరా అదే కట్ట. ఇద్దరూ కలిసి ఒక అరగంట పాఠం అప్పజెప్పుకుని, ఉద్యోగం ఇచ్చామనీ వచ్చిందనీ సంతోషపడతారు.

చేరిన వారానికి అకౌంట్స్ సెక్షన్ నుంచి ఫోను. "బాబూ, నెట్ రావట్లేదు." మనవాడు వెళ్తాడు. రీస్టార్ట్ చేస్తాడు, రాదు. కేబుల్ పీకి పెడతాడు, రాదు. "విండోస్ కరప్ట్ అయింది మేడం, ఫార్మాట్ కొట్టాలి" అంటాడు. కొడతాడు కూడా. డెస్క్‌టాప్ మీద ఉన్న మూడేళ్ళ ఎక్సెల్ ఫైళ్ళు గంగలో కలుస్తాయి. తీరా చూస్తే బల్ల కింద ఉన్న నెట్‌వర్క్ స్విచ్చి అడాప్టర్ ఊడిపోయి ఉంటుంది. ఇలాంటి కథలు ప్రతి ఆఫీసులోనూ ఒకటో రెండో దొరుకుతాయి. కుర్రాడిది తప్పే, కాదనను. కానీ అతన్ని మనం అడిగిందేంటి? ఫుల్ ఫామ్. అది చెప్పాడుగా మరి.

"నువ్వు కోడు రాసుకునేవాడివి, నీకెందుకీ గోల" అంటారేమో. నా పని సాగాలంటే నా సిస్టం బాగుండాలి, అది ఈ కుర్రాడి చేతిలోనే ఉంది. పైగా ఈ ఇంటర్వ్యూ ప్యానెళ్ళలో కూచోబెట్టేది ఎక్కువగా మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళనే.

నా మటుకు నాకు అనిపించేది ఒకటే. సపోర్ట్ ఉద్యోగంలో సగం పని ప్రశ్నలు అడగడం. డాక్టరు దగ్గరికెళ్తే "ఎప్పట్నుంచి జ్వరం? చలి ఉందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగాకే మందు రాస్తాడు. ఇదీ అంతే. కాబట్టి ఇంటర్వ్యూలో ప్రశ్నలు అభ్యర్థి చేత అడిగించాలి. మనం కంప్లయింటు చెప్పి, అతను అడిగినదానికి మాత్రం జవాబిస్తూ కూచోవాలి. ఎలాగో చెప్తాను.

ఒకటి. "నెట్ రావట్లేదు బాబూ." అంతే, ఇంకేం చెప్పకండి. పని వచ్చినవాడు "మీకొక్కరికేనా, పక్కవాళ్ళక్కూడానా?" అంటాడు. "నిన్న వచ్చిందా? ఈలోగా సీటు గానీ, కేబుల్ గానీ మార్చారా?" అంటాడు. "ఏ సైటూ రావట్లేదా, ఒక్కటేనా?" అంటాడు. తర్వాత ఐపీ అడ్రసు చూస్తానంటాడు. "169.254తో మొదలవుతోంది" అని చెప్పండి. "అయితే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి అడ్రసు అందలేదు, సిస్టం తనంతట తనే ఒకటి పెట్టుకుంది. ముందు కేబుల్, స్విచ్చి చూడాలి" అన్నాడనుకోండి, ఇక ఫుల్ ఫామ్‌తో మీకేం పని?

రెండు. "రోజూ పొద్దున్న ఆన్ చేస్తే తేదీ ఏళ్ళ వెనక్కి పోతోంది. బ్యాంకు సైటేమో సురక్షితం కాదంటోంది." రెండూ వేర్వేరు కంప్లయింట్లలా వినిపిస్తాయి. రాత్రి మెయిన్ ఆపేసి వెళ్తారా అని అడిగాడంటే దారిలో పడ్డట్టే. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత సీఎంఓఎస్ బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032, మూడు వోల్టులు. అది అయిపోతే కరెంటు లేనప్పుడు గడియారం నడవదు. సైట్ల సర్టిఫికెట్లకి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువుంటుంది కాబట్టి, మన తేదీ తప్పైతే బ్రౌజరు వాటిని నమ్మదు. తెలిసినవాడు సికింద్రాబాద్ సీటీసీకి వెళ్ళి చవగ్గా ఒక బ్యాటరీ తెచ్చి పడేస్తాడు. తెలియనివాడు మదర్‌బోర్డుకి కొటేషన్ తెస్తాడు.

మూడు. "32 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇరవై జీబీ ఖాళీ ఉంది. 5 జీబీ పెళ్ళి వీడియో ఒక్కటే ఎక్కనంటోంది." ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదన్న సంగతి చాలామంది చెప్తారు, "ఎన్‌టీఎఫ్ఎస్‌గానో ఎక్స్‌ఫ్యాట్‌గానో ఫార్మాట్ చేస్తా" అని కూడా అంటారు. అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది. ఇరవై ఖాళీ అంటే మిగతా దాంట్లో ఏవో ఫైళ్ళు ఉన్నట్టేగా! "లోపల ఉన్నవి ముందు వేరేచోట కాపీ పెట్టుకుంటానండీ" అన్నాడా లేదా? కన్వర్ట్ కమాండు వాడితే ఫార్మాట్ లేకుండానే ఎన్‌టీఎఫ్ఎస్‌కి మారొచ్చు, అయినా కాపీ తీశాకే చేస్తానన్నవాణ్ణి వదులుకోకండి. ఎదుటివాళ్ళ డేటా అంటే భయం ఉండాలి. ఆ భయం లేనివాడికి ఎన్ని కమాండ్లు వస్తే అంత ప్రమాదం.

నాలుగు, మన తెలుగు ఆఫీసులకి తప్పకుండా అడగాల్సింది. "పాత డీటీపీ ఫైలు కొత్త సిస్టంలో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలొస్తున్నాయి." ఫైలు పాడైపోయిందనేవాడు ప్రింటింగ్ ప్రెస్సుకి పనికిరాడు. అను ఫాంట్ల లాంటివి యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన చోట్లలో తెలుగు ముక్కలు కూచోబెట్టినవి. ఆ ఫాంటు లేకపోతే కింద ఉన్న ఆ గుర్తులే కనబడతాయి. ఫైలు నిక్షేపంలా ఉంది, ఫాంటు పెడితే సరిపోతుంది. పాత సిస్టం ఫార్మాట్ కొట్టేముందు ఇలాంటి ఫాంట్లు ఉన్నాయేమో చూసుకోవాలని తెలిసినవాడు, వాటిలో దాచుకున్న పదేళ్ళ పుస్తకాల్ని కాపాడతాడు.

ఐదు. "మదర్‌బోర్డు మార్చాక ఆన్ చేస్తే నీలం స్క్రీన్ మీద రికవరీ కీ అడుగుతోంది." ఇది బిట్‌లాకర్. 48 అంకెల కీ కావాలి. దాన్ని బైపాస్ చేసే చిట్కా తనకి తెలుసు అనేవాణ్ణి అనుమానించండి. "కీ ఎక్కడ దాచారు? మైక్రోసాఫ్ట్ అకౌంట్లోనా, కంపెనీ డైరెక్టరీలోనా?" అని అడిగినవాడు సరైనవాడు. బోర్డు మార్చకముందే కీ చేతిలో ఉందో లేదో చూసుకుంటానన్నవాడు ఇంకా నయం.

ఇవన్నీ అల్పమైన విషయాలనుకుంటే 2024 జులై 19 గుర్తుచేసుకోండి. క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ళ అప్‌డేట్ ఒకటి వికటించి, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ సిస్టంలు పడకేశాయి. ఇక్కడ హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. క్రౌడ్‌స్ట్రైక్ కొద్దిసేపట్లోనే దిద్దుబాటు ఇచ్చింది గానీ, అప్పటికే కూలిపోయి మళ్ళీ లేవని సిస్టంలకి అది అందే దారేది? ఎక్కువచోట్ల ఒక మనిషి వెళ్ళి, ఒక్కో సిస్టంనీ సేఫ్ మోడ్‌లో లేపి, ఒక ఫైలు తీసేయాల్సి వచ్చింది. బిట్‌లాకర్ ఉన్నచోట ఆ 48 అంకెలూ కొట్టుకుంటూ. ఆ రోజు కంపెనీల్ని లేపి నిలబెట్టింది మనం ఆఖరి వరసలో కూచోబెట్టే ఈ సపోర్ట్ వాళ్ళే.

"థియరీ అక్కర్లేదంటావా?" అని మా సీనియర్ ఒకాయన వాదించారు. ఎందుకక్కర్లేదూ! ఓఎస్ఐ మోడల్ 1984లో ఐఎస్ఓ ప్రమాణంగా వచ్చింది, ఇప్పటికీ పనికొస్తోంది. కింద కేబుల్ నుంచి మొదలుపెట్టి పైన అప్లికేషన్ దాకా వరసగా చూసుకుంటూ పోవడానికి అంతకన్నా మంచి పటం లేదు. ఏడు పేర్లు చెప్పి, పని దగ్గర మాత్రం నేరుగా విండోస్ మీద పడేవాడికి ఆ పటం అర్థం కానట్టే. పేర్లు తడబడ్డా ముందు కేబుల్ చూసేవాడికి అర్థమైనట్టే.

వీలైతే పాత సీపీయూ ఒకటి బల్ల మీద పెట్టి, ర్యామ్ కాస్త వదులు చేసి ఆన్ చేయమనండి. బీప్‌లు విని ర్యామ్ మీద చెయ్యి వేస్తాడో లేదో చూడండి. మూత తీసేముందు ప్లగ్గు పీకాడో లేదో అంతకన్నా ముందు చూడండి.

నడవడిక గురించీ ఒకటి అడగాలి. "మేనేజర్ సిస్టం బాగుచేస్తుంటే జీతాల షీటు తెరిచి ఉంది. ఏం చేస్తారు?" అని. సపోర్ట్ మనిషికి ఆఫీసులో అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసిస్తామన్నా "వద్దండీ, మీరే కొట్టండి, నేనిటు తిరుగుతా" అనేవాడు కావాలి. చివర్లో అతనికి తెలిసే అవకాశం లేని ప్రశ్న ఒకటి వేయండి. "తెలీదండీ, చూసి చెప్తాను" అంటే మార్కులు వేయండి. తెలియకపోయినా తెలిసినట్టు దబాయించేవాడే రేపు మన ఫైళ్ళు తుడిచిపెట్టేది.

ఇక ఇంగ్లీషు సంగతి. కడప నుంచో ఖమ్మం నుంచో వచ్చిన కుర్రాడు చిన్నప్పట్నుంచీ ఊళ్ళో సిస్టంలు విప్పి బిగించినవాడై ఉండొచ్చు. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" దగ్గర తడబడ్డాడని ఇంటికి పంపేస్తాం. ఫోన్లో విదేశీ క్లయింట్లతో మాట్లాడే ఉద్యోగమైతే ఇంగ్లీషు కావాలి, ఒప్పుకుంటా. మన ఆఫీసులో కంప్లయింటు చెప్పే అకౌంట్స్ మేడం తెలుగులో చెప్తారు, వాచ్‌మన్ భాయ్ హైదరాబాదీ ఉర్దూలో చెప్తాడు. ఆ రెండూ వచ్చినవాణ్ణి రాని మూడోదాంట్లో పరీక్షించి ఫెయిల్ చేయడం ఏం న్యాయం? ఆ కుర్రాడి వెనక కోర్సు ఫీజుకి అప్పు తెచ్చిన ఇల్లుంటుంది. మనం పోగొట్టుకునేదీ తక్కువేం కాదు, పని వచ్చిన మనిషిని.

వీటికి గంటలు పట్టవు. ఇరవై నిమిషాల్లో మూడు కంప్లయింట్లు తేల్చొచ్చు. కాకపోతే అడిగేవాళ్ళకి జవాబులు తెలిసుండాలి, ఎదుటివాడు మాట్లాడుతుంటే వినాలి. జిరాక్సు కట్టతో ఆ బాధ లేదు, అందుకే అది ఇంకా నడుస్తోందని నా అనుమానం. ఈసారి మీ ఆఫీసులో ఎవర్నైనా తీసుకునేటప్పుడు ఆ కట్ట పక్కన పడేసి, "నెట్ రావట్లేదు బాబూ" అని చూడండి. అతను తిరిగి ఏం అడుగుతాడో దాన్నిబట్టి తీసుకోండి.