కేతిగాడికి టర్కీలో ఒక చుట్టం

మొన్న సంక్రాంతికి కోట వెళ్ళాను. మా పెద్దమ్మకు యెనభై దాటినా కళ్ళు మాత్రం నిక్షేపంగా వున్నవి. ఆమె మనుమరాలు ఫోనులో టర్కీ బొమ్మలాట పెట్టుకుని చూస్తున్నది. తెల్లతెర మీద యిద్దరు రంగుబొమ్మల మనుషులు వాదించుకుంటున్నారు. కొస గడ్డం వాడొకడు మహా దర్జాగా మాట్లాడుతున్నాడు. రెండోవాడు టోపీ యెగిరిపోయి బోడిగుండు బయటపడేటట్లు గంతులేసి వాణ్ణి బాదుతున్నాడు. పెద్దమ్మ తొంగిచూసి, "ఏందబ్బయ్యా, వీడు మన కేతిగాడు గదా! ఈ భాష యెప్పుడు నేర్చినాడు?" అన్నది.

అందరం నవ్వాం గాని, ఆమె మాటలో తప్పేమీ లేదు.

ఆ బోడిగుండు వాడి పేరు కరగోజ్. అంటే నల్లకన్ను వాడు. గడ్డం ఆయన హజివత్. 14వ శతాబ్దంలో ఒర్హాన్ సుల్తాను బుర్సా నగరంలో మసీదు కట్టిస్తుంటే వీళ్ళిద్దరూ అక్కడ పనివాళ్ళట. వీళ్ళ హాస్యాలు వినటానికి తక్కిన కూలీలంతా తట్టలు కిందపెట్టి నిలబడేవారట. గోడ లేవటం లేదు. సుల్తానుకు కోపం వచ్చింది, తలలు తీయించాడు. తరువాత పశ్చాత్తాపంతో కుమిలిపోతుంటే, షేక్ కుష్తెరీ అనే ఆయన తోలుతో వాళ్ళ బొమ్మలు చేసి, తెర మీద ఆడించి ఓదార్చాడట. ఇది కథ. చరిత్రకు వస్తే, 1517లో సలీము సుల్తాను కైరో జయించినప్పుడు అక్కడ నీడబొమ్మలాట చూచి మురిసిపోయి, ఆటగాణ్ణి ఇస్తాంబూలు తీసుకుపోయాడంటారు. అయితే ఈజిప్టుకు యెక్కడినుంచి వచ్చిందీ? జావా అని కొందరూ, మన దేశమే అని కొందరూ! పండితుల తగవు యింకా తేలలేదు.

అక్కడ ఒంటె తోలు, జానెడున్నర బొమ్మ. మన తోలుబొమ్మలాటలో రావణుడు నిలబడితే మనిషంత వుంటాడు. అక్కడ ఒక్కడే ఆటగాడు అన్ని గొంతులూ పలుకుతాడు. పక్కన ఒక సహాయకుడు కంజిర వంటి వాద్యం వాయిస్తాడు. మనకు హార్మోనియం, మృదంగం, కాలికింద చెక్కలు, ఇంటిల్లిపాదీ గొంతులు కావాలి. వాళ్ళ ఆట రంజాను రాత్రులలో కాఫీ హోటళ్ళలో జరిగేది. నెలలో ఒక పవిత్ర రాత్రి వదిలి, రోజుకొక కథ చొప్పున 28 కథలు కంఠతా వస్తేనే వాడు ఆటగాడు. మనవాళ్ళకు రామాయణ భారతాలు రావాలి. తెల్లవార్లూ ఆ పద్యాలు విని జనం కునుకుతుంటే లేపటానికి కేతిగాడూ, జుట్టుపోలిగాడూ, బంగారక్కా దిగుతారు. నిజం చెప్పొద్దూ, మా చిన్నతనంలో రాముడి కోసం కూర్చున్నవాళ్ళకంటె వీళ్ళ కోసం మేలుకున్నవాళ్ళే యెక్కువ.

హజివత్ అరబ్బీ పారశీక మాటలు దట్టించిన గ్రాంథికం మాట్లాడతాడు. కరగోజుకు అది తలకెక్కదు. ప్రతి మాటకూ యింకో అర్థం తీస్తాడు. తెరచాటున పాషాలనూ మంత్రులనూ కూడా వదిలేవాడు కాదు. అందుకే 19వ శతాబ్దంలో సర్కారు వాడి నోటికి తాళం వేసింది.

2009లో యునెస్కో వాడికి మానవజాతి వారసత్వమని గుర్తింపు యిచ్చింది. అంతకు మూడేళ్ళ ముందు, 2006లో, ఎజెల్ అకాయ్ వాళ్ళిద్దరి చావు మీద సినిమాయే తీశాడు. మన కేతిగాడి మీద యెవరైనా తీశారా అని మనుమరాలు అడిగితే జవాబు చెప్పలేకపోయాను. నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిందనీ, ఆ వూళ్ళో వాళ్ళు అదే తోలుతో దీపాల గొడుగులు చేసి బతుకుతున్నారనీ చెప్పాను. దీపం తెర వెనుక నుంచి బొమ్మ లోపలికి చేరిందన్నమాట. కూడు పెడుతున్నది గనుక వద్దనలేం. కాని గొడుగుకు గొంతెక్కడిదీ?

కోటలో ఆట చూచి యెన్నేళ్ళయిందని పెద్దమ్మనడిగాను. ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి మానేసింది. "తెరకు చీరెలు కావాల్నంటే మా అత్త యిచ్చేది. తెల్లారి తెస్తే ముళ్ళ బొక్కలు వుండేయి" అన్నది.

ఇంతలో ఫోనులో ఆట ముగింపుకొచ్చింది. ఎప్పుడూ వున్నదే: దెబ్బలు తిన్న హజివత్ తెర పాడుచేశావని కేకలేసి పోతాడు, నోరు జారివుంటే మన్నించమని కరగోజ్ సభను వేడుకుంటాడు. అది చెప్పాను.

పెద్దమ్మ మూతి తిప్పింది. "మన్నించమనేదేంది? మనవాడయితే యింకో రెండు తిట్టి పోయేవాడు."