ఎంపీసీనా, బైపీసీనా? ఎనిమిదో తరగతిలోనే ఎందుకీ తొందర?



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు తెరవకుండానే అడిగారు: "మేడం, మా పాపకి ఎంపీసీ బెటరా, బైపీసీ బెటరా? ఇప్పుడే తేల్చేస్తే ఆ ఫౌండేషన్‌లో వేసేస్తాం." పాప చదివేది ఎనిమిదో తరగతి. పక్కనే నిలబడి ఐడీ కార్డు తాడు వేలికి చుట్టుకుంటోంది. ఆ రోజు "ఇంకా టైముంది సార్" అని దాటేశాను. ఇవ్వాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

అమెరికాలో రాబర్ట్ లాంగర్ అని ఒక సైంటిస్టు ఉన్నారు. 1948లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో పుట్టారు. చదివింది కెమికల్ ఇంజనీరింగ్, అంటే మన లెక్కలో పక్కా ఎంపీసీ. 1974లో ఎంఐటీలో డాక్టరేట్ పూర్తయ్యేసరికి ఆయిల్ కంపెనీల నుంచి ఇరవై దాకా ఉద్యోగాలు వచ్చాయి. వద్దనుకున్నారు. పేద పిల్లల స్కూలుకు లెక్కలు, సైన్సు పాఠాలు తయారుచేసిన అనుభవం నచ్చి, కెమిస్ట్రీ పాఠ్యప్రణాళిక ఉద్యోగం కోసం నలభై దాకా కాలేజీలకు ఉత్తరాలు రాశారు. ఒక్కరూ జవాబివ్వలేదు. (బీఎడ్ అయ్యాక అప్లికేషన్లు పెట్టుకుంటూ తిరిగినదాన్ని, ఆ బాధ నాకు తెలుసు.) చివరికి బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో జూడా ఫోక్‌మన్ అనే సర్జన్ తన ల్యాబులో చేర్చుకున్నారు. చుట్టూ డాక్టర్లు, బయాలజీ వాళ్లు. మధ్యలో ఒక ఇంజనీరు.

ప్రోటీన్లలాంటి పెద్ద అణువులు ప్లాస్టిక్‌లోంచి నెమ్మదిగా బయటికి రావడం అసాధ్యమని అప్పట్లో చాలామంది నిపుణులు నమ్మేవారు. వస్తాయని లాంగర్, ఫోక్‌మన్ 1976లో 'నేచర్' పత్రికలో చూపించారు. అయినా లాంగర్ మొదటి తొమ్మిది గ్రాంట్ దరఖాస్తులూ తిరిగొచ్చేశాయి. బయాలజీ తెలియని ఇంజనీరుకు డబ్బెందుకన్నది ఒక అభ్యంతరం.

ఇదంతా పిల్లలకు ఎలా పనికొచ్చిందో చూడండి. కొందరు ఆడపిల్లలు ఎనిమిదేళ్లలోపే, మగపిల్లలు తొమ్మిదేళ్లలోపే ఎదిగే లక్షణాలు చూపిస్తారు. ఎముకలు తొందరగా ముదిరిపోయి ఎత్తు మధ్యలోనే ఆగిపోవచ్చు. మెదడు ఒక హార్మోన్‌ను ఆగి ఆగి, అలలుగా పంపితేనే పిట్యూటరీ గ్రంథి స్పందిస్తుంది. అలాంటి మందే ఎడతెరిపి లేకుండా ఒంట్లో ఉంటే కొన్ని వారాలకు ఆ గ్రంథి పట్టించుకోవడం మానేస్తుంది. వైద్యం అదే. కానీ చిన్నపిల్లకు రోజూ సూది ఎలా పొడుస్తాం? జపాన్‌కు చెందిన టకెడా కంపెనీ ల్యూప్రోలైడ్ అనే మందును సన్నటి పాలిమర్ పూసల్లో నింపింది. నెలకొక ఇంజెక్షన్ చాలు. అమెరికాలో 1989లో ప్రోస్టేట్ క్యాన్సర్‌కూ, 1993లో ఈ పిల్లల సమస్యకూ అనుమతి వచ్చింది. ఇది లాంగర్ చేసిన మందు కాదు. కానీ ప్లాస్టిక్‌లోంచి మందును నెమ్మదిగా వదలడమనే దారి వేసినవాళ్లలో ఆయన ఒకరు. ఇంతకీ ఆ పూస దేనితో చేశారో తెలుసా? లాక్టిక్ ఆసిడ్, గ్లైకోలిక్ ఆసిడ్‌లతో. మన పెరుగు పులుపులో ఉండేదీ లాక్టిక్ ఆసిడే! ఒంట్లో కరిగిపోయే కుట్లు కూడా ఈ జాతివే.

ఇప్పుడు చెప్పండి, ఈ పని ఎంపీసీయా, బైపీసీయా?

సీట్లు, ర్యాంకులు, ఫీజుల సంగతి నాకు తెలియనిది కాదు. పదో తరగతి తర్వాత ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. నా అభ్యంతరం ఎంచుకోవడం గురించి కాదు, రెండేళ్ల ముందే రెండో పుస్తకం మూసేయడం గురించి. ఐఐటీ ఫౌండేషన్ పిల్లలు "మాకు బయాలజీ ఇంపార్టెంటా మేడం?" అని అడుగుతున్నారు. తప్పంతా మీమీద వేయను. మా టైంటేబుల్‌లోనూ ఫౌండేషన్ పీరియడ్లకే పెద్దపీట. నేనూ లెక్కలంటే భయంతో బైపీసీలో చేరి, డిగ్రీలో కెమిస్ట్రీ గ్రాఫుల ముందు ఏడ్చినదాన్నే.

మొన్న ప్లాస్టిక్ పాఠంలో ఈ పూసల సంగతి చెప్పాను. ఐడీ కార్డు తాడు చుట్టుకున్న ఆ పాపే లేచి, "మరి మా కాలవలో కవర్లు ఎందుకు కరగవు మేడం?" అంది. సార్, వచ్చే మీటింగ్‌కి తప్పకుండా రండి. ముందు ఆ ప్రశ్న గురించి మాట్లాడుకుందాం.