దూరం 820 కిలోమీటర్లు.. ప్రయాణం ఒక రోజు!

సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు విమానం ఎక్కడా ఆగకుండా 15,300 కిలోమీటర్ల పైచిలుకు ఎగురుతుంది. పట్టే సమయం సుమారు 19 గంటలు. హైదరాబాద్‌లో రైలెక్కి కోవిల్‌పట్టిలో దిగాలంటే అంతకంటే ఎక్కువే పడుతుంది. వింతగా ఉన్నా వాస్తవం ఇదే.

మ్యాపు తీసి చూస్తే మదురై హైదరాబాద్‌కు ఇంచుమించు సూటిగా దక్షిణాన ఉంటుంది. శంషాబాద్ నుంచి గాలిలో దూరం దాదాపు 820 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానం రెండు గంటల్లోపే దించేస్తుంది. రోడ్డు చూసినా అంతే. హైదరాబాద్, విరుదునగర్, కోవిల్‌పట్టి మూడూ 44వ నంబరు జాతీయ రహదారి మీదివే.

అయితే అసలు లెక్క నేల మీద తేలుతుంది. ఇంటి నుంచి శంషాబాద్‌కు గంట. రెండు గంటల ముందే అక్కడుండాలి. గాల్లో గంటా ముప్పావు. సామాను అందేసరికి అరగంట. మదురై నుంచి విరుదునగర్‌కు మరో గంట, కోవిల్‌పట్టికైతే రెండు గంటలకు దగ్గర. మొత్తం ఆరేడు గంటలు. కోవిల్‌పట్టికి ఇంకా దగ్గరైన తూత్తుకుడి విమానాశ్రయంలో 2025 జూలైలో కొత్త టెర్మినల్ తెరిచారు. సంతోషమే. కానీ అగ్గిపెట్టెల పనికెళ్లే ఇల్లాలు, కరిసల్ నేలలో పత్తి, మినుము వేసే రైతు విమానం టికెట్ కొనగలరా?

వాళ్లకు దిక్కు రైలే. ఈ దారిన నడిచే నాగర్‌కోయిల్–కాచిగూడ ఎక్స్‌ప్రెస్ వారానికి ఒక్కసారే వస్తుంది. మిగతా రోజుల్లో చెన్నైలో దిగి, మూటాముల్లె పట్టుకుని మరో రైలెక్కాల్సిందే.

కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్‌లో పుట్టిన రచయిత కి.రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. తెలుగునేల విడిచి దక్షిణానికి వలస వచ్చిన కుటుంబాల కథను ఆయన తమిళంలో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశారు. ఆనాడు వచ్చినవాళ్లు ఇక్కడే ఉండిపోయారు. ఇప్పటి సంగతి వేరు. చదువుకో ఉద్యోగానికో హైదరాబాద్ వెళ్లిన బిడ్డ పండక్కి రావాలి, పెళ్లికి రావాలి, చావుకీ రావాలి. రాత్రి ఫోనొస్తే మర్నాడు మధ్యాహ్నానికి ఇంటి ముందుండాలి. డబ్బున్నవాడికి విమానం పుణ్యమా అని కడచూపు దక్కుతుంది. వారానికో రైలును నమ్ముకున్నవాడు పెద్దకర్మకు అందితే గొప్ప.

జనం ఎక్కరని అధికారులు అనొచ్చు. తిరునల్వేలి–చెన్నై వందేభారత్ సంగతి చూడండి. 2023 సెప్టెంబరులో 8 బోగీలతో విరుదునగర్ మీదుగా మొదలైంది. రద్దీ తట్టుకోలేక 2025లో 16 బోగీలు చేశారు. బండి ఉంటే జనం ఉంటారు. బండే లేనిచోట జనాన్ని లెక్కపెట్టి లాభం లేదు.

కోరేది కొండంత కాదు. కాచిగూడ రైలును వారానికి కనీసం మూడు రోజులు నడపాలి. మదురైలో విమానం దిగే వేళకు విరుదునగర్, కోవిల్‌పట్టి బస్సు సిద్ధంగా ఉండాలి. ఎంపీలు, వర్తక సంఘాలు, రెండు రాష్ట్రాల తెలుగువాళ్లు కలిసి అడిగితే రైల్వేశాఖ వినక తప్పదు. భాష ఒకటే అయినవాళ్లకు రాకపోకలు కూడా ఉండాలి. అవి లేనినాడు చుట్టరికం పెళ్లిపత్రిక మీదే మిగులుతుంది.